సీనాయి మఠ గ్రంథభాండారము – అతిథుల ఋణము

ప్రాచీన పుణ్యక్షేత్రములను, వాని లోపలి గ్రంథభాండారములను జూచుటకు ధనవంతులు స్వంతపరివారముతో యాత్రలు సేయుట నేఁడు పుట్టిన యాచారము కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపావారికి ఈజిప్టు, పాలస్తీనా దేశములలో నిట్టి యాత్రలు వాడుకయై యుండెను. దుబాసి, వంటవాఁడు, ఒంటెలు, గుడారములు – సొమ్మున్నచో నివి యన్నియు సమకూరెడివి. కాని భాండారము తలుపు సొమ్మునకుఁ దెఱవఁబడునది కాదు. దానిని దెఱచునది గ్రంథరక్షకుల నమ్మకము. ఆ నమ్మకమును బొందిన యతిథి తిరిగిపోవునప్పుడు తన వెనుక నేమి మిగిల్చెను అనునది చరిత్రకారుఁడు విచారింపవలసిన ప్రశ్న. సీనాయి పర్వతపాదమునందలి సెయింట్ కాథరిన్ మఠమునకు నేఁబది సంవత్సరముల వ్యవధిలో వచ్చిన యిరుతెఱఁగుల యతిథుల కథ యీ ప్రశ్నకుఁ దగిన నిదర్శనము.

ఈ మఠమును కోటవంటి ఱాతిగోడలతో గట్టించినవాఁడు జస్టినియన్ చక్రవర్తి. దాని నిర్మాణము క్రీ.శ. 548 – 565 సంవత్సరముల నడుమ జరిగెను. నాఁటినుండి నేఁటివఱకు సన్యాసులు విడువక నివసించుచున్న క్రైస్తవమఠములలో నిది మిక్కిలి ప్రాచీనమైనది. దోపిడిగాండ్ర భయమువలనఁ జిరకాలము క్రింది వాకిలి మూసియుంచి, వచ్చినవారిని గోడమీఁది ద్వారమునకుఁ ద్రాటితో లాగుకొనుచుండెడివారు. గ్రీకు, అరబ్బీ, సిరియాకు, జార్జియా, స్లావు భాషల వ్రాతప్రతు లచ్చట సుమారు 3,300 చేరినవి. మన తాళపత్రములకుఁ దేమయు జెదలును శత్రువులు. అచ్చటి చర్మపత్రములకు ఎడారి పొడిగాలియే రక్షకమయ్యెను.

మొదటి యతిథి జర్మను పండితుఁడు కాన్‌స్టాంటిన్ టిషెన్‌డోర్ఫ్. బైబిలు మూలపాఠమును నిర్ణయించుటకై ప్రాచీనప్రతుల వెదకుచు నాతఁడు 1844లో మఠమునకు వచ్చెను. గ్రీకుబైబిలు పత్రములు కొన్ని బుట్టలో నుండెననియు, వానిని మంటలో వేయఁబోవుచుండఁగాఁ దాను రక్షించితిననియు నాతఁడు పిమ్మట వ్రాసెను. మఠమువారు దీని నంగీకరింపరు. చర్మపత్రము పొయ్యికిఁ దగిన వంటచెఱకు కాదని యాక్షేపించినవారును గలరు. ఏమైనను నాతఁ డప్పుడు 43 పత్రములను లైప్‌సిగ్ నగరమునకుఁ గొనిపోయి, సాక్సనీరాజగు ఫ్రెడరిక్ ఆగస్టసు పేర 1846లో బ్రకటించెను. 1853లో మఱల వచ్చినప్పుడు శేషభాగ మాతనికి లభింపలేదు.

1859లో మూఁడవమాఱు వచ్చునప్పటి కాతనికి రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు ప్రాపు కలదు. ఈ మాఱు తక్కిన 347 పత్రములు కంటఁబడినవి. నాలుగవ శతాబ్దమునకుఁ జెందిన యీ గ్రంథమున నూతననిబంధన సంపూర్ణముగా నున్నది. ఇంత ప్రాచీనమైన సంపూర్ణప్రతి మఱియొకటి లేదు. దానిని ముందు కైరోనగరమునకుఁ దెప్పించి ప్రతివ్రాసికొనిరి. తరువాత నా సెప్టెంబరులో, ముద్రణకై సెయింట్ పీటర్స్‌బర్గ్ నకుఁ గొనిపోవుటకు టిషెన్‌డోర్ఫ్ మఠమువారికి రసీదు వ్రాసి యిచ్చెను. మఠమువా రడిగినంతనే గ్రంథమును జెడకుండ మఱల నప్పగింతునని యందుఁ గలదు. 1862లో గ్రంథము ముద్రితమయ్యెను. మూలము మాత్రము తిరిగి రాలేదు. 1869లో మఠపక్షమున దానపత్రము వ్రాయఁబడెను. అది మనఃపూర్వకమైన దానమా, రాజకీయపు టొత్తిడికి లోఁబడి చేసినదా యను వివాదము నేఁటికిని దీరలేదు. 1933లో సోవియటు ప్రభుత్వము దానిని బ్రిటిష్ మ్యూజియమునకు లక్ష పౌనులకు విక్రయించెను. అరువుగాఁ గదలిన గ్రంథము 74 సంవత్సరములకుఁ గ్రయవస్తువయ్యెను.

రెండవ తెఱఁగు అతిథులు స్కాట్లండు దేశీయులగు కవలసోదరీమణులు – ఆగ్నెస్ స్మిత్ లూయిస్, మార్గరెట్ డన్‌లప్ గిబ్సన్. వీరు 1843లో నర్వైన్ పట్టణమునఁ బుట్టిరి. ఏ దేశభాషను నేర్చిన నా దేశమునకుఁ దీసికొనిపోవుదునని తండ్రి బాల్యముననే వారికి మాట యిచ్చెనఁట. కావున వారికి భాషాభ్యాసమును దేశాటనమును జంటగా నలవడినవి. తండ్రివలన గొప్ప యాస్తి సంక్రమించెను. 1891 నాఁటికి ఇరువురును భర్తృహీనలైరి. అంతకు రెండేండ్ల క్రిందట సీనాయిలో సిరియాకు గ్రంథములఁ బరిశీలించి వచ్చిన రెండెల్ హారిస్ పండితుఁడు, తాను జూడని ప్రతు లింకను జీఁకటిగదిలోని పెట్టెలలో నున్నవని వారికిఁ జెప్పెను. ఛాయాచిత్రములు తీయు విధమును నేర్పెను.

1892 ఫిబ్రవరిలో వారు గుడారములతో, దుబాసితో, ఒంటెలపై మఠమును జేరిరి. యాత్ర ధనికులదే, కాని మఠమున వారికి నిలువఁజోటు కల్పించినది వారి గ్రీకుభాష. సన్యాసులతో వారి భాషలోనే మాటలాడు పరదేశస్త్రీల నచ్చటి గ్రంథరక్షకుఁడు గలాక్టియోను ఆదరించి, అడిగిన ప్రతులను దెచ్చి చూపెను. వానిలో నొకటి మాసి, పత్రములు పరస్పర మంటుకొని యుండెను. ఆగ్నెస్ మరుగునీటి యావిరి పట్టి వానిని విడఁదీసెను. పైవ్రాత పుణ్యస్త్రీల చరిత్రములు. దాని క్రింద గీఁకివేసిన పాతవ్రాత యొకటి లీలగాఁ గానవచ్చెను. చర్మపత్రము వెలగలది కావునఁ బూర్వలేఖకులు పాతయక్షరములను జెఱిపి దానిమీఁదనే క్రొత్తగ్రంథమును వ్రాయుట కలదు. ఇప్పుడు పత్రముల పైయంచున ‘సువార్త’ యను మాటయు, సువార్తాకర్తల పేళ్లును నామె చదువఁగలిగెను. సోదరీమణులు ఛాయాచిత్రములు తీసికొని, గ్రంథమును యథాస్థానమున నుంచి వెడలిరి.

కేంబ్రిడ్జిలో నా చిత్రములను జూచిన బర్కిట్, బెన్‌స్లీ పండితులు ఆ క్రిందివ్రాత సిరియాకుభాషలో సువార్తల యతిప్రాచీనానువాదమని తేల్చిరి. మఱుసటి యేఁడు, అనఁగా 1893లో, ఆ యిరువురును హారిసును సోదరీమణులతోఁ గూడ సీనాయికిఁ బోయి దానిని బ్రతివ్రాసిరి. 1894లో నది ముద్రితమయ్యెను. అదే సంవత్సరమున మఠమునందలి సిరియాకు గ్రంథముల పట్టికను ఆగ్నెసును, అరబ్బీ గ్రంథముల పట్టికను మార్గరెట్టును బ్రకటించిరి. నాఁడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము స్త్రీలకుఁ బట్టము లొసఁగెడిది కాదు. పట్టము లేని యీ యిరువురు రచించిన పట్టికలు, మఠమున కెన్నఁడును బోలేని విద్వాంసులకు సైత మచ్చట నేమి కలదో తెలిపినవి. మూలగ్రంథము నేఁటికిని మఠముననే కలదు.

ఈ పోలిక న్యాయమా యని యడుగవచ్చును. 1844లో టిషెన్‌డోర్ఫునకు ఛాయాచిత్రసాధన మందుబాటులో లేదు. ఆతని ముద్రణమే లేనిచో లోకమున కా గ్రంథము చిరకాలము తెలియకుండెడిది. ఆతని పాండిత్యము నెవరును గాదనరు. సోదరీమణులును దోషరహితలు కారు: మాసిన యక్షరములు తేలుటకై ఆగ్నెస్ ఆ పత్రములపై ఘాటైన రసాయనమును బూసెను, నేఁటి రక్షకులు దాని కొప్పుకొనరు. 1896లో వారు తూర్పుదేశమునఁ గొని తెచ్చిన పత్రములలో నొకటి ‘బెన్ సీరా’ గ్రంథపు హీబ్రూమూలమని సోలమన్ షెక్టర్ గుర్తించెను. దానితోఁ గైరోలోని యూదుల ప్రార్థనాలయపు జీర్ణపత్రాగారమునకు దారి తెలిసి, షెక్టర్ సుమారు 1,93,000 ఖండములను గేంబ్రిడ్జికిఁ దరలించెను. ఇదియుఁ గొనిపోవుటయే, కాని యచ్చటి సమాజపెద్దల యనుమతితో జరిగినది. అందుచే దోషము గ్రంథము కదలుటలోనే యున్నదని చెప్పరాదు. ఎవరి యనుమతితోఁ గదలెను, ఏ మాటపైఁ గదలెను, ఆ మాట నిలిచెనా – విచారింపవలసిన విషయము లివి. సాధనము లేకుండుట కాలదోషము. రసీదు చెల్లకుండుట కాలదోషము కాదు.

1975లో మఠపు టుత్తరపుగోడ కడఁ బూడిన గదిని శుభ్రపఱచునప్పుడు వ్రాతప్రతులు మఱల బయలుపడినవి. వానిలో ఆ పురాతనబైబిలు పత్రములు 12ను, కొన్ని ముక్కలును గలవు. ఇట్లా గ్రంథము నాలుగు స్థలముల పాలయ్యెను – లండను, లైప్‌సిగ్, సెయింట్ పీటర్స్‌బర్గ్, సీనాయి. 2009లో నా నాలుగు సంస్థలును గలిసి పత్రములన్నింటి చిత్రములను లోకమునకు ఉచితముగా నందించినవి. తరువాత మఠమువారి యనుమతితో, పత్రములకు హాని కలుగకుండ వేర్వేఱు వర్ణకిరణములతోఁ జిత్రించి, చెఱపఁబడిన వ్రాతలను జదువు యత్నమును సాగెను. సోదరీమణులు 1892లో నవలంబించిన మార్గమే – ప్రతిరూపము లోకమునకు, మూలము దాని యింటికి – యిప్పుడు సర్వసమ్మత మయ్యెను.

తాళపత్రములకై గ్రామగ్రామము దిరుగు మన పరిశోధకులకును నీ చరిత్ర వర్తించును. పండితుని వారసులు మూట విప్పి యొక ప్రతిని జేతికిచ్చుట చిన్న యుపకారము కాదు. ఆ ప్రతిని గడువులో మఱల నప్పగించుట, తీసికొన్న నకలు నొకటి యజమానికిచ్చుట, ఆ యింట నున్న గ్రంథముల పట్టికను వ్రాసి పెట్టుట – ఈ మూఁడును జేసినచో మఱునాఁడు వచ్చు పరిశోధకునికి సైత మా యింటి తలుపు తెఱచియుండును.