కట్ట పెంచినవారు మత్తడి చూడాలి

కుతుబ్‌షాహీల నాటి ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కింద సేద్యం చేసినవారికి ఒక సంగతి తెలుసు. కట్ట ఎత్తు పెంచితే తూమునూ మత్తడినీ మళ్లీ చూసుకోవాలి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ చరిత్రలో ఈ జాగ్రత్త ఒకసారి తప్పింది.

లినక్స్‌కు మూలభాగమైన కెర్నల్ తన లోపలి సమాచారాన్ని ఫైళ్ల రూపంలో చూపేటప్పుడు దాన్ని ముందుగా ఒక బఫర్‌లో, అంటే తాత్కాలిక మెమరీలో, పేరుస్తుంది. జాగా చాలకపోతే బఫర్‌ను రెట్టింపు చేస్తుంది. అంత మెమరీ ఒకేచోట వరుసగా దొరకడం కష్టమయ్యేది. అందుకని 2014లో, లినక్స్ 3.16 నాటికి, చెదిరి ఉన్న పేజీలను కలిపి వాడే వీలు కల్పించారు. సవరణ మంచిదే. కానీ బఫర్‌ను అంతవరకూ అదుపులో ఉంచిన హద్దు దాంతో చెరిగిపోయింది.

బఫర్ పరిమాణం 64 బిట్ల సంఖ్య. డైరెక్టరీ దారిని అందులో రాసే పాత ఫంక్షన్ మాత్రం ఆ పరిమాణాన్ని 32 బిట్ల ‘ఇంట్’గా అందుకునేది. ఇంట్‌లో పట్టే అతిపెద్ద సంఖ్య 2,147,483,647. అది దాటితే విలువ రుణసంఖ్యగా మారుతుంది. బఫర్లు చిన్నవిగా ఉన్నన్నాళ్లూ దీనివల్ల హాని జరగలేదు.

ఏడేళ్ల తర్వాత, 2021 జులై 20న, క్వాలిస్ సంస్థ పరిశోధకులు ఈ లోపాన్ని ‘సెకోయా’ పేరుతో ప్రకటించారు. అధికారిక సంఖ్య సీవీఈ-2021-33909. వారు ఒకదానిలో ఒకటిగా సుమారు 10 లక్షల డైరెక్టరీలు సృష్టించి, దారి పొడవును 1 జీబీ దాటించారు. ఆ డైరెక్టరీల వరుసను మౌంట్ చేసి, తొలగించి, మౌంట్ల వివరాల ఫైలును చదివారు. బఫర్ 2 జీబీకి పెరిగింది. ఇంట్‌గా అందిన ఆ పరిమాణం రుణసంఖ్య అయింది. ‘తొలగించినది’ అని తెలిపే 10 బైట్ల గుర్తును కెర్నల్ బఫర్ మొదలుకన్నా 2 జీబీ కిందికి పోయి రాసింది. ఆ 10 బైట్ల ఆసరాతో ఉబుంటు 20.04, డెబియన్ 11, ఫెడోరా 34లలో మామూలు యూజర్ రూట్ అధికారం, అంటే సిస్టమ్‌పై పూర్తి పెత్తనం, పొందగలిగాడు. మితిమీరిన పరిమాణంలో బఫర్ అడిగితే నిరాకరించేలా కెర్నల్‌ను సరిచేశారు.

2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1లో రస్ట్ భాషకు చోటు దక్కింది. సెకోయాలో జరిగినట్టు పెద్ద సంఖ్యను చిన్నదానిలోకి చెప్పకుండా మారిపోనివ్వడం ఆ భాషలో కుదరదు. అయినా కెర్నల్‌లో అత్యధిక భాగం ఇప్పటికీ సీ భాషే.

ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీల్లో సీ నేర్చుకుంటున్న పిల్లలకు ఒక మనవి. ఇంట్ హద్దును పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేయకండి. లినక్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది, తెరిచి చదవండి.