ఎండిన నోరు – నిలిచిన పండ్లు

లాలాజలము విలువ అది ఇంకిపోయిననాడు గాని తెలియదు. నోటిలోని ఆమ్లములను విరిచి, పంటి పింగాణీకి కాల్షియమును తిరిగి అందించునది అదే. తల, మెడ కాన్సరులకు కిరణ చికిత్స వచ్చినప్పుడు ఆ కిరణములు లాలాజల గ్రంథులను కూడ దెబ్బతీసెను. కొలది నెలలలోనే గట్టి పండ్లు సైతము చిగుళ్ల యొద్ద పుచ్చి విరుగుచుండెను. ఆపైన పన్ను పెరికినచో, కిరణములు సోకిన దవడ యెముక మానక కుళ్లిపోవు ప్రమాదము కలదు. అందుచేత పెక్కు చోట్ల చికిత్సకు ముందే మంచి పండ్లను కూడ పెరికివేసెడివారు. రోగికిది రెండవ శిక్ష యనవలెను.

1977లో అమెరికాలోని హ్యూస్టనులో డ్రైజెన్, ఆయన సహచరులు వేరొక త్రోవ చూపిరి. 1 శాతము సోడియం ఫ్లోరైడు జెల్లీని పంటివరుసకు అమరు తొడుగులో నింపి రోజూ ధరింపజేసిరి. పుచ్చు చాలవరకు ఆగినది. గ్రంథులు కోలుకొననిచో ఈ అలవాటు జీవితాంతము సాగవలెను.