పంచాక్షరి: అనువాదమునకు లొంగని అర్థము

దక్షిణదేశపు శైవకవులు వేదపురాణములనుండి గ్రహించిన దానినంతయు తమ తమ భాషల నుడికారమునకు మలచుకొనిరి. అయిదక్షరములను మాత్రము అనువదింపలేదు. ఉచ్చారణ కొంత మారినను, 'నమశ్శివాయ' అనునది తమిళ, కన్నడ, తెలుగు భాషలలో సంస్కృత విభక్తితోనే నిలిచినది. అందులకు హేతువు మంత్రము పుట్టినచోటనే కానవచ్చును.

కృష్ణయజుర్వేద తైత్తిరీయసంహిత 4వ కాండమునందలి 5వ ప్రపాఠకము శ్రీరుద్రము. దాని 11 అనువాకములలో 8వ దానియందు ఈ అక్షరములు కలవు. అచట అవి విడిమంత్రము గావు. వరుస నమస్కారములలో ఒక భాగము. ఋగ్వేదమున 'శివ' శబ్దము మంగళకరమని చెప్పు విశేషణము. శ్రీరుద్రము రుద్రుని కోపమునకును బాణమునకును మ్రొక్కి ఆరంభమగును. అట్టి భయంకరుని మంగళకరుడని పిలుచుటలో భయము నమ్మకముగా మారుచున్నది. ఇది మొదటి అర్థము.

రెండవది వ్యాకరణమునందున్నది. 'నమః' శబ్దయోగమున చతుర్థి రావలెనని పాణిని విధించెను (2-3-16). దానము పుచ్చుకొనువానిని తెలుపు విభక్తియు అదియే. చమకము కోరికల వరుస. ఈ అయిదక్షరములలో కోరిక లేదు. పలికినవాడు తన్నుతాను ఇచ్చుకొనుచున్నాడు. 'నమః' అనగా 'న మమ', 'నాది కాదు' అను సంప్రదాయార్థము శబ్దవ్యుత్పత్తికి సరిపడకున్నను, భావమున ఈ విభక్తికి దూరము గాదు.

శ్రీరుద్రము 4వ అనువాకమున వడ్రంగులకు, కుమ్మరులకు, కమ్మరులకు, నిషాదులకు, వేటగాండ్రకు అదే నమస్సు, అదే చతుర్థి కలదు. వారిలో పెక్కురకు వేదము చదువు అధికారము లేకపోయెను. నమస్సు అందుకొనువారి వరుసలో మాత్రము వారుండిరి. ఈ యంతరమును పూడ్చుటకు పూనుకొన్నది దేశభాషాకవిత్వము. 7వ శతాబ్దమున వెళ్ళాళ కుటుంబమున జన్మించిన అప్పరు ఈ మంత్రముపై తమిళమున పదికము పాడెను. 12వ శతాబ్దమున సేక్కిళారు పెరియపురాణమునందు కుమ్మరి తిరునీలకంఠుని, వేటగాడు కన్నప్పను నాయన్మారులుగా కీర్తించెను. ఆ శతాబ్దముననే కన్నడదేశమున బసవేశ్వరుని మార్గము ననుసరించిన శరణులు కులభేదము పాటింపక పంచాక్షరి నుపదేశించిరి. 13వ శతాబ్దమున పాలకురికి సోమనాథుడు బసవపురాణమను ద్విపదకావ్యమున కుమ్మరి గుండయ్య కథను, కన్నప్ప కథను తెలుగువారి కందించెను. కన్నప్ప కొలిచిన కాళహస్తి తెలుగునాటనే కలదు. ఆతనికి మంత్రము తెలియదు, కన్నునే ఇచ్చెను. చతుర్థికి అంతకుమించిన వ్యాఖ్య దొరకదు.

'శివునికి నమస్కారము' అని తెనిగించినచో, అది వీధిలో ఎదురైన పెద్దకు చెప్పు మర్యాదవంటి దగును. వ్యాకర్తలు ఆ 'కి'ని షష్ఠిలో చేర్చిరి కూడ. మన చతుర్థీప్రత్యయములైన 'కొఱకు', 'కై' వాడినచో నమస్కారము వేరొక ప్రయోజనమునకు సాధనమగును. ఇచ్చుకొనుట రెండింటను జారిపోవును. కనుకనే మన కవులు అక్షరములను ఉన్నవి ఉన్నట్లుంచి, వాని విభక్తిని భక్తుల కథలుగా అనువదించిరి.