పెద్దవేటకు ఒకే తుపాకి: పులివెందుల సీమలో ఏది ఎంచుకునేవాళ్ళు?

పోయిన ఎపిసోడ్ కింద ప్రొద్దుటూరు నుంచి ఒక తమ్ముడు ఒక ప్రశ్న పెట్టాడు. "అన్నా, వేట చట్టబద్ధంగా ఉన్న రోజుల్లో మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు జింక నుంచి పులి దాకా అన్నిటికీ పనికొచ్చే ఒకే తుపాకి, ఒకే తూటా ఎంచుకోవాలంటే ఏది ఎంచుకునేవాళ్ళు?" అని. చిన్న ప్రశ్నే అనుకున్నా. తీరా కూర్చుని చూస్తే ఇందులో నూటయాభై ఏళ్ళ చరిత్ర ఉంది.

ముందే ఒక మాట చెప్పేస్తా. ఏ తుపాకి మంచిది అన్నది సగం జంతువు నిర్ణయించింది. మిగతా సగం సర్కారు భయం నిర్ణయించింది. ఆ రెండో సగం గురించి మనవాళ్ళు ఎక్కువగా మాట్లాడరు. అందుకే ఈ ఎపిసోడ్.

మొదట నేల సంగతి చూద్దాం. పులివెందుల పేరు పులుల మంద నుంచి, 'పులిమందల' నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ వ్యుత్పత్తి నిజమా కాదా అన్నది పండితులు తేల్చాల్సిన విషయం. కానీ ఊరి పేరులో పులి కూర్చుందంటే జనం మనసులో ఆ జంతువు ఎంత పెద్దదో అర్థమవుతుంది. ప్రొద్దుటూరు చుట్టూ నల్లరేగడి మైదానం. అట్లాంటి బయలు కృష్ణజింకకు అనువైన చోటు. జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండలు, గండికోట గండి, రాళ్ళ గుహలు. చిరుతకీ ఎలుగుబంటికీ అదే ఇల్లు. తూర్పుకి పోతే లంకమల, నల్లమల. దక్షిణాన పాలకొండలు, శేషాచలం. అక్కడ దుప్పి, కణితి, అడవిపంది, పులి. అంటే ముప్పై నలభై కిలోల జింక నుంచి రెండు మూడు వందల కిలోల కణితి మగజంతువు దాకా. అడవి దున్న లేదు. ఆ రోజుల్లో ఏనుగు లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మనకు పనికొస్తుంది.

ఇక తుపాకి. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి వదులుకున్నాడు. అందుకే దత్తమండలం అన్నారు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు. ఆయన ముందున్న మొదటి పని పన్ను వసూలు కాదు, దాదాపు 80 మంది పాలెగాళ్ళను లొంగదీయడం. పాలెగాడి బలం కోటలో ఎంత ఉందో, అతని కట్టుబడి మనుషుల చేతుల్లోని తుపాకుల్లో అంతే ఉంది. అవి ఒత్తితో ముట్టించే తుపాకులు. మూతి వైపు నుంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. ఒక్కసారి పేలిస్తే మళ్ళీ దట్టించడానికి అర నిమిషం పైనే. 1846లో జమ్మలమడుగుకు ఉత్తరాన కోవెలకుంట్ల సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు లేచింది. 1847 ఫిబ్రవరిలో ఆయన్ని ఉరితీశారు. పదేళ్ళకు 1857. ఆ తరువాత ఇంగ్లీషువాళ్ళ మనసులో ఒకటే లెక్క: జనం చేతిలో తుపాకి ఉంటే, అది రేపు ఎటు తిరుగుతుందో తెలియదు.

ఆ లెక్కే 1878 ఆయుధాల చట్టం. భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. యూరోపియన్లకు మినహాయింపు. ఒకే అడవి, ఒకే పులి, రెండు న్యాయాలు.

చట్టం అడ్డం వచ్చినంత మాత్రాన పల్లెలో పంట కాపాడుకోవాల్సిన పని ఆగదు కదా. కంసాలి కొలిమిలో తయారైన నాటు తుపాకి ఉండనే ఉంది. కొంచెం కలిగిన రైతు దగ్గర లైసెన్సు ఉన్న పన్నెండు బోరు జోడు గొట్టాల తుపాకి. దీని గొట్టం లోపల నున్నగా ఉంటుంది. పిట్టకైతే చిన్న గుండ్లు, పందికైతే పెద్ద గుండ్లు, పులికైతే ఒంటి సీసపు ఉండ. గుళ్ళు మారిస్తే చాలు, తుపాకి అదే. అన్నిటికీ ఒకే తుపాకి అని అడిగితే నిజానికి పల్లె చెప్పిన సమాధానం ఇదే.

కానీ ఇందులో ఒక చిక్కుంది. అసలు ప్రమాదం అక్కడే. నున్నటి గొట్టం నుంచి వెళ్ళే గుండు యాభై గజాలు దాటితే ఎటు పోతుందో నమ్మకం లేదు. పెద్ద జంతువుకు తగులుతుంది, కానీ చావదు. గాయంతో పొదల్లోకి పోతుంది. చంపావత్ ఆడపులి 436 మందిని చంపిందని లెక్క. 1907లో జిమ్ కార్బెట్ దాన్ని చంపి నోరు తెరిచి చూస్తే, కుడివైపు పై కోర, కింది కోర విరిగి ఉన్నాయి. పాత తుపాకి దెబ్బ. ఎవరో ఒకరు సరిపడని దెబ్బ కొట్టి ఇంటికి పోయారు. దాని అప్పు ఎక్కడెక్కడి పల్లెల్లోనో గడ్డి కోసుకునే ఆడవాళ్ళు తీర్చారు. కాబట్టి ఏ తూటా అన్న ప్రశ్న వేటగాళ్ళ మోజు మాత్రమే కాదండీ. తప్పు తూటా ఎంచుకుంటే నష్టపోయేది ఎంచుకున్నవాడు కాదు, ఆ దారిలో రేపు నడిచేవాడు.

దీనికి జవాబుగా వచ్చింది రైఫిల్. గొట్టం లోపల మెలికల గాడులు ఉంటాయి. తూటా బొంగరంలాగా తిరుగుతూ నేరుగా పోతుంది. 1890ల నుంచి పొగ రాని మందు కూడా రావడంతో వేగం బాగా పెరిగింది. 1898లో లండన్‌లో రిగ్బీ కంపెనీ పాయింట్ 450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తెచ్చింది. పాయింట్ 450 అంటే అంగుళంలో దాదాపు వెయ్యింట 450 వంతుల లావు తూటా. ఇండియాలో పెద్దవేటకు పోయే దొరలందరికీ అదే మోజు.

సరిగ్గా ఇక్కడ సర్కారు భయం మళ్ళీ అడ్డం వచ్చింది. సైన్యం పాత మార్టిని హెన్రీ తుపాకుల్లో వాడిన తూటా లావు కూడా పాయింట్ 450నే. ఆ తుపాకులు చాలా చోట్ల బయటి చేతుల్లో పడ్డాయి. వేట తూటాలు కొని, విప్పి, వాటితో పాత సైనిక తుపాకులకు ప్రాణం పోస్తారేమోనని 20వ శతాబ్దం మొదటి దశకంలో ఇండియాలోకి, సూడాన్‌లోకి పాయింట్ 450 తుపాకులు రాకుండా నిషేధించారు. లండన్ కంపెనీలు ఊరుకుంటాయా? కొంచెం అటూ ఇటూ లావు మార్చి 465, 470, 475 అని కొత్త తూటాలు దింపాయి. ప్రపంచమంతా ఈ రోజుకీ గొప్పగా చెప్పుకునే పాయింట్ 470 అంతగా పాకడానికి కారణం ఏనుగు కాదు, ఇండియాలో తిరుగుబాటు భయం. అదే భయంతో సైన్యం వాడే త్రీ నాట్ త్రీ కూడా మామూలు జనానికి అందకుండా పోయింది.

సరే, ఇప్పుడు నిషేధాలు తీసేస్తే మిగిలినవి వరసగా చూద్దాం.

మొదటిది పాయింట్ 275 రిగ్బీ. జర్మనీ మౌజర్ 7 మిల్లీమీటర్ల తూటాకే ఇంగ్లీషు పేరు. తొమ్మిది గ్రాముల సన్నటి తూటా, సెకనుకు సుమారు 2,700 అడుగుల వేగం. చంపావత్ పులిని చంపినందుకు కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చిన రైఫిల్ ఇదే. తేలిక, భుజానికి దెబ్బ తక్కువ, గురి దూరం నిలుస్తుంది. ప్రొద్దుటూరు రేగడి బయలులో రెండువందల గజాల అవతల నిలబడే కృష్ణజింకకు ఇంతకంటే మంచిది లేదు. ఆఫ్రికాలో బెల్ అనే వేటగాడు దీంతో ఏనుగుల్నే కొట్టాడు. కానీ అది బెల్ గురికి గొప్ప, తూటాకు కాదు. పొదలోంచి మీదికి దూకే ఎలుగుబంటి ముందు అందరూ బెల్ కాలేరు.

రెండోది పాయింట్ 405 వించెస్టర్. దీని కథ మనకు దగ్గరిది. ఎర్రగుంట్లలో రేణిగుంట వైపు రైలెక్కండి. కడప, నందలూరు, రాజంపేట, కోడూరు దాటి, రేణిగుంటకు ముందు మామండూరు వస్తుంది. బెంగళూరు వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ మనుషుల్ని తినే పులి గురించి రాసిన మామండూరు అదే. 1954లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలో చామల లోయ పులి కథ ఉంది. అదీ ఈ కొండల వరసలోనే. ఆయన చేతిలో ఎప్పుడూ ఉన్నది వించెస్టర్ 1895 మోడల్, పాయింట్ 405. అమెరికావాడి తుపాకి, రూపకర్త జాన్ బ్రౌనింగ్. కింద లీవర్ లాగితే ఖాళీ గుల్ల బయటపడి కొత్త తూటా ఎక్కుతుంది. పందొమ్మిది గ్రాముల పైన బరువున్న తూటా, సెకనుకు 2,200 అడుగులు. అమెరికా అధ్యక్ష పదవి దిగగానే 1909లో ఆఫ్రికా వెళ్ళిన థియొడోర్ రూజ్‌వెల్ట్ సింహాలకు ఇదే మందు అన్నాడు.

దీని గుణం ఏంటంటే, దగ్గరలో గట్టి దెబ్బ. మంచె మీద రాత్రి కూర్చుని, టార్చి వెలుతురులో ముప్పై గజాల్లో పులిని కొట్టాలంటే బ్రహ్మాండం. దోషం ఏంటంటే, తూటా లావు, పొట్టి. దూరం పోయేకొద్దీ తొందరగా కిందికి దిగుతుంది. భుజం మీద తన్ను కూడా గట్టిదే. పాలకొండల పొదలకు సరిపోతుంది, రేగడి బయలుకు సరిపోదు.

మూడోది పాయింట్ 375 హాలండ్ అండ్ హాలండ్, 1912లో వచ్చింది. ప్రపంచంలో ఎవర్ని అడిగినా, ఒకే రైఫిల్ అంటే మొదట చెప్పే పేరు ఇదే. జింకనీ కొడుతుంది, ఏనుగునీ కొడుతుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నా కదా? మన వైపు దున్న లేదు, ఏనుగు లేదు. ఉన్నవాటికి ఈ బలం అక్కర్లేదు. పైగా లండన్ ధర. కడప జిల్లా రైతు మోసే బరువు కాదు, ఏ రకంగా చూసినా.

నాలుగోది పాయింట్ 315. దీని పుట్టుకే ఒక విచిత్రం. అసలు ఇది ఆస్ట్రియా సైన్యం తూటా, 8 మిల్లీమీటర్ల మాన్లికర్. త్రీ నాట్ త్రీ ఇవ్వకూడదు కాబట్టి, అచ్చం అదే లీ ఎన్‌ఫీల్డ్ యంత్రాంగానికి ఈ పరాయి తూటా అమర్చి బీఎస్ఏ కంపెనీ ఇండియాకు అమ్మింది. దాదాపు పదహారు గ్రాముల తూటా, సెకనుకు రెండువేల అడుగుల పైన. 275 అంత దూరం నేరుగా పోదు. 405 అంత గట్టిగా కొట్టదు. కానీ నూట యాభై గజాల లోపల దుప్పికీ, కణితికీ, పందికీ, చిరుతకీ సరిపోతుంది. గురి కుదిరితే పులికీ సరిపోతుంది. స్వాతంత్ర్యం వచ్చాక ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దీన్నే తయారుచేసింది. తూటాలు మన ప్రభుత్వ ఫ్యాక్టరీలవే.

కాబట్టి తమ్ముడూ, నా సమాధానం ఇది. కాగితం మీద గుణాలు చూసి చెప్పమంటే, మన మూడు తాలూకాల బయలుకీ కొండకీ కలిపి 275 గెలుస్తుంది, కొంచెం బరువైన తూటా వేసుకుంటే. కానీ లైసెన్సు, ధర, తూటాలు దొరకడం, ఈ మూడూ చూస్తే 315. తూటా దొరకని తుపాకి గోడమీది బొమ్మ. దిగుమతి తూటా దాచుకుని దాచుకుని వాడేవాడు సాధన చెయ్యడు. సాధన లేనివాడు గాయం చేసి వదిలేస్తాడు. అందుకే అన్నిటికంటే మంచిది కాకపోయినా, అన్నిటికంటే బాధ్యతగా వాడగలిగింది 315 అని నా లెక్క.

ఆ తరువాత ఏమైంది? 1959లో మన సొంత ఆయుధాల చట్టం వచ్చింది. త్రీ నాట్ త్రీ మాత్రం నిషేధంలోనే ఉండిపోయింది. తెల్లవాడి భయం మన చట్టంలోనూ కొనసాగింది. 1970లో పులివేట ఆపేశారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో ప్రాజెక్ట్ టైగర్. 1988లో లంకమల అభయారణ్యం అయింది. ఒకే రైఫిల్ ఏది అన్న ప్రశ్న అక్కడితో చరిత్రలోకి వెళ్ళిపోయింది.

తుపాకి మాత్రం పోలేదు. వేట పోయాక మన సీమలో అది ఇంటి పరువుకీ, మనిషి భయానికీ గుర్తుగా మిగిలింది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో అప్పజెప్పే వరసను మీరంతా చూసే ఉంటారు. జంతువు కోసం ఎంచుకున్న వస్తువు మనిషి మీదికి తిరగడం, 1878లో సర్కారు దేనికి భయపడిందో అదే. కాకపోతే సర్కారు మీదికి కాదు, మన మీదికి మనమే.

ఇప్పుడు శనగ చేనులో అడవిపంది పడితే రైతు ఏం చేస్తున్నాడు? కొందరు కంచెకు కరెంటు పెడుతున్నారు. ఆ తీగ పందినీ చంపుతుంది, పక్క చేను రైతునీ చంపుతుంది. దానికి గురి లేదు, ఎవరు వస్తున్నారో చూసే కన్ను లేదు. పందులు మరీ ఎక్కువైతే అటవీ శాఖ అనుమతితో తగ్గించే మార్గం చట్టంలోనే ఉంది, అర్జీ పెట్టండి. పాత మంచి వేటగాళ్ళు పాటించిన నియమం ఒక్కటే: ఏది వస్తుందో కంటితో చూడకుండా దెబ్బ వెయ్యకూడదు. తుపాకులు అటకెక్కినా ఆ నియమం మాత్రం మనకు ఇంకా కావాలి.

మీ ఇంట్లో తాతల కాలం నాటి లైసెన్సు పుస్తకం ఉంటే అందులో ఏ బోరు రాసి ఉందో చూడండి. అది మీ ఊరి చరిత్రే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.