యోగ్యతాపత్రము – తక్‌పట్టీ

మొన్న జమ్మికుంట పత్తి మార్కెట్టు దారిలో నా పూర్వవిద్యార్థి ఒకడు ఎదురై నమస్కరించాడు. "సార్, మా పిల్లవానికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కొలువు దొరికి ఆరు నెలలైంది. శాప్ సర్టిఫికెట్ పరీక్ష రాస్తానంటున్నాడు. పైసలు కట్టమంటారా?" అని అడిగాడు. తెలుగు పండితుని అడుగవలసిన ప్రశ్న కాదిది. అయినను యోగ్యతాపత్రాల చరిత్ర నాకు కొంత తెలుసు. అందులో ఒక అధ్యాయానికి రుసుము చెల్లించినవాడను కూడా.

హైదరాబాదు రాజ్యంలో ఉర్దూ బోధనభాషగా ఉన్న కాలమది. 1943లో నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడి ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలు నిర్వహించసాగింది. బడిలో తెలుగు దొరకనివారు ఆ పరీక్షల నిమిత్తమై తెలుగు చదువుకున్నారు. ఆ పత్రాలకు గౌరవం కలిగించినది వాటి వెనుకనున్న చదువే.

ఇక శాప్ సంగతి. ఐ.బి.ఎం.ను విడిచివచ్చిన ఐదుగురు ఇంజనీర్లు 1972లో జర్మనీలో ఈ సంస్థను స్థాపించారు. వారి మొదటి ఖాతాదారు ఐ.సి.ఐ. వారి నైలాన్ కర్మాగారం. కొనుగోలు, గోదాము, జీతాలు, లెక్కలు అన్నీ ఒకే వ్యవస్థలో నడపడమే ఆ సాఫ్ట్‌వేర్ పని. 1992లో ఆర్/3 వచ్చాక అది ప్రపంచమంతటా వ్యాపించింది. 1998లో మాదాపురంలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ కోర్సుల పేర్లతో నిండిపోయాయి.

2000లో మా చిన్నతమ్ముడు బి.కాం. పూర్తిచేసి కాజీపేట మీదుగా ఆ అమీర్‌పేటకే రైలెక్కాడు. నా భవిష్యనిధి నుండి అప్పు తీసి రుసుము కట్టాను. అంతలో అమెరికాలో డాట్‌కాం సంస్థలు కూలిపోయాయి. 2001లో క్రొత్త కొలువులు కరువైనాయి. తమ్ముని పత్రం ట్రంకుపెట్టెలోకి చేరింది. అతడు తిరిగివచ్చి ఇక్కడి జిన్నింగు మిల్లులో మూడేండ్లు లెక్కలు వ్రాశాడు.

తరువాత ఒక సంస్థవారు అతనిని ఇంటర్వ్యూకు పిలిచారు. "సరుకు గోదాములో దిగింది, బిల్లు ఇంకా రాలేదు. లెక్కలో ఎట్లా చూపిస్తావు?" అని అడిగారట. మిల్లులో ప్రతిదినం తాను చేసిన పనే అది! వెంటనే చెప్పాడు, కొలువు దొరికింది. పత్రం ఆ గుమ్మం వరకు తీసుకుపోయి ఉండవచ్చును. లోపలికి తీసుకుపోయినది మాత్రం మిల్లు లెక్కలే.

మార్కెట్టులో రైతు చేతికిచ్చే తక్‌పట్టీని చూడండి. తూకం, ధర, రావలసిన సొమ్ము అన్నీ అందులో ఉంటాయి. ఆ వ్యవహారం అర్థమైనవానికి ఈ సాఫ్ట్‌వేరులో సగం అర్థమైనట్లే.

పైగా పత్రానికి ఆయుర్దాయం తక్కువ. ఒకప్పుడు మన పిల్లలు ఎగబడిన ఎం.సి.ఎస్.ఇ.ని మైక్రోసాఫ్ట్ 2021 జనవరిలో విరమింపజేసింది. శాప్ సంస్థ 2015లో ఎస్/4 హానాను తెచ్చింది. పాత ఇ.సి.సి. 6 తుది కూర్పులకు సాధారణ మద్దతు 2027 చివరివరకేనని 2020లోనే ప్రకటించింది. పాత కూర్పు మీద సంపాదించిన పత్రం పాతబడుతుంది. జమాఖర్చుల సూత్రం పాతబడదు.

అయితే పత్రం వ్యర్థమని నేననను. పరీక్ష పేరిట పాఠం క్రమంగా చదువబడుతుంది. పరుల సంస్థలకు పనిచేసిపెట్టే కంపెనీలు తమవద్ద ఉత్తీర్ణులున్నారని చూపుకోవలసి ఉంటుంది, అటువంటిచోట అది అక్కరకు వస్తుంది. కావున మూడు ప్రశ్నలు వేసుకోవలెను. పిల్లవాడు ఇప్పుడు చేస్తున్న పని ఆ సాఫ్ట్‌వేర్ మీదనేనా? రుసుము కంపెనీ భరిస్తుందా? పరీక్ష నేటి కూర్పు మీదనా? మూడింటికీ ఔననే జవాబైతే నిస్సంకోచంగా వ్రాయవచ్చును. మొదటిదానికే కాదన్నచో ఒక ఏడాది ఆగి, ఆ ధనాన్ని ఇంట ఉంచి, చేస్తున్న పనిలో ఆరితేరడం మేలు.

ఇదంతా చెప్పి, "ఇంతకూ మీవాడు ఏ పని మీద ఉన్నాడు నాయనా?" అని అడిగాను.

"అది తెలియదు సార్" అన్నాడు.

ముందు అది కనుక్కొమ్మన్నాను.