క్రైస్తవారాధనమున నాట్యము

క్రైస్తవ దేవాలయములో నాట్యమునకు బనియేమి యని యాశ్చర్యపడువారు నేటికిని గలరు. ముప్పదియేండ్లు మా యూరి సంఘమున క్రిస్మసు పండుగకును, కోతపండుగకును కోలాటము నడపినవాడను గనుక ఈ ప్రశ్న నాకు క్రొత్త గాదు. పగలు పాఠశాలలో సంధిసమాసములు బోధించు పండితుడు రాత్రి కోలలు చేతబట్టి దేవాలయ ప్రాంగణమున నడుగులు వేయించుట కొందఱకు హాస్యముగను, కొందఱకు అపచారముగను దోచెడిది. వారికి నేను చెప్పుచువచ్చిన సమాధానమునే నేడు శ్రోతలకు చరిత్రక్రమమున విన్నవించెదను.

సమూయేలు రెండవ గ్రంథము ఆఱవ యధ్యాయమున దావీదు రాజు దేవుని మందసమును యెరూషలేమునకు గొనివచ్చుచు, నార ఏఫోదు ధరించి, ఒడలు మఱచి దాని ముందఱ నాడిన కథ యున్నది. సౌలు కుమార్తెయగు మీకాలు కిటికీలోనుండి చూచి యాతని నీసడించెను. అందఱును రాజు నాట్యమునే స్మరింతురు. నాకు మాత్రము ఆ కిటికీ ముఖ్యముగా దోచును. వీధిలోని జనమంతయు నుత్సవములో పాలుగొన్నది. ఊరక చూచుచున్నది ఆమె యొక్కతెయే. భరతుడు నాట్యశాస్త్రమున ప్రేక్షకునకు గూడ లక్షణము చెప్పియున్నాడు. ఆరాధన నాట్యమున కా లక్షణముతో బనిలేదు, ఏలయన దానికి ప్రేక్షకుడే లేడు.

ఈ యాచారము పూర్వగ్రంథములతో నంతరింపలేదు. ఇథియోపియా దేశపు ప్రాచీన సంఘములో దెబ్తెరాలను గాయకులున్నారు. గానమును, కవిత్వమును చిరకాలము గురుముఖమున నభ్యసించు వీరు మన పండితులకు దూరపు బంధువులని చెప్పదగును. ఆఱవ శతాబ్దివాడగు యారేదును తమ గానమునకు మూలపురుషునిగా వారు కొల్తురు. పొడవైన ప్రార్థనదండములు పట్టి, చిఱుతాళములవంటి వాద్యమును గలగలలాడించుచు, పెద్ద మద్దెల నడకకు రెండు వరుసలుగా నిలిచి మెల్లమెల్లగా నూగుదురు. స్పెయిను దేశమున సెవిల్ల నగరపు మహాదేవాలయమున బాలురు బలిపీఠము నెదుట నాడు ఆచారము కొన్ని శతాబ్దులుగా నున్నది. అంతదూరమేల? మన ప్రక్కనున్న కేరళమున సిరియను క్రైస్తవులు పన్నిద్దఱు దీపము చుట్టును జేరి తోమా అపొస్తలుని చరిత్ర పాడుచు మార్గముకళి యాడుదురు.

ఇక తెనుగుసీమ. 1841లో మచిలీపట్టణమునకును, 1842లో గుంటూరునకును మిషనరీలు వచ్చిరి. పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలగువారు రాగతాళములతో కీర్తనలు రచించిరి. సంఘము వానిని ప్రేమతో స్వీకరించినది. సంగీతమును రానిచ్చిన గుమ్మములోనికి నాట్యము నేల రానీయలేదు? ఆ కాలమున నాట్యమనగానే జనులకు స్ఫురించినది భోగముమేళము. వీరేశలింగము పంతులుగారు దానిని నిర్దాక్షిణ్యముగా ఖండించిరి. 1890 తరువాత చెన్నపురియందును ఆ యుద్యమము ప్రబలమయ్యెను. తుదకు 1947లో మద్రాసు ప్రభుత్వము కన్యలను దేవదాసులుగా నర్పించుటను శాసనముచే నిషేధించెను. ఆ శాసనము వలసినదే. కాని యా స్త్రీలతోబాటు వారి విద్యయు ననుమానమునకు గుఱియైనది. మన సంఘపెద్దలు భయపడినది అడుగునకును, అభినయమునకును గాదు, ఆడుదానిని సొమ్ముగా జూచు సభకు.

కోలాటమున కట్టి సభ లేదు. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 1253-54 ప్రాంతమున రచించిన నృత్తరత్నావళిలో దేశినృత్తముల నడుమ దండరాసకమును వర్ణించెను. కోలలు తాటించుచు గుంపుగా నాడు నా నృత్తమే మన కోలాటమునకు పూర్వరూపమని పలువుర యభిప్రాయము. గుడిలోనికి రానీయని వాడలవారును తమ వీధిలో దీని నాడుకొనిరి. వారే పిదప పెద్దసంఖ్యలో క్రైస్తవులైరి. కోలలు వారితోనే వచ్చినవి. 1912 మొదలు 1945 వఱకు దోర్నకల్లు బిషప్పుగా నుండిన అజరయ్యగారు దేశీయమగు ఆరాధనరీతిని ప్రోత్సహించిరి. 1939లో ప్రతిష్ఠింపబడిన అచ్చటి మహాదేవాలయపు శిల్పమునందు హైందవ, మహమ్మదీయ రీతులు రెండును గలవు.

మా కోలాటమున లోయుద్ది, వెలియుద్ది యని రెండు వలయములు. ఒక్కొక్క కోపునకు నడుగు వేఱు, దెబ్బ వేఱు. ఆదితాళమున మధ్యమకాలపు కీర్తన యైనచో కోల తానే పలుకును. విలంబకాలపు కీర్తనకు దెబ్బ దెబ్బకు నడుమ పిల్లలు కునుకు దీయుదురు! అట్టి వానిని కూర్చుండి పాడుటయే మేలు. మొదట మగపిల్లలే యాడెడివారు. 1990 ప్రాంతమున బాలికలును వచ్చి కోలలడుగగా పెద్దలు కొందఱు వలదనిరి. కారణము నోటితో జెప్పరైరి గాని నాకు దెలిసినది. వెనుకటి భోగముమేళపు నీడ వారి మనస్సులను విడువలేదు. నాట్లు వేయుచు తల్లులు వరుసగా వంగి పాడుచుండగా నెవ్వరును దప్పు పట్టరుగదా, ఆ తల్లుల బిడ్డలకు దేవుని ముంగిట నిషేధమేల యని యడిగితిని. వాదము రెండు పండుగలు సాగినది. మూడవ పండుగకు వెలియుద్ది యంతయు బాలికలే.

రోమను సంఘమువారును ఈ చిక్కునే యెదుర్కొనిరి. 1963 నాటి వాటికను మహాసభ శాసనము దేశాచారముల కారాధనమున తావొసగెను. 1975లో వెలువడిన యొక వ్యాఖ్యానము, పాశ్చాత్యులకు నాట్యము వినోదమే గనుక వారి యారాధనలో జేర్చుట తగదనియు, నాట్యము మతజీవనమున భాగమైన జనులకు న్యాయము వేఱనియు దెలిపెను. 1988లో ఆఫ్రికాయందలి జైరే దేశపు ఆరాధనక్రమమున కనుజ్ఞ లభించినది. అందు బలిపీఠము చుట్టును నాట్యము గలదు.

ఇప్పుడు పలు సంఘములలో యువజనులు వేదికపై వరుసదీరి, సభకు ముఖములు ద్రిప్పి, యంత్రసంగీతమున కాడుచున్నారు. వారి భక్తిని శంకింపను. కాని వలయము వరుసయైనప్పుడు ఎదుట కూర్చున్నవారు చూచువారై పోవుదురు. చేతిలోని ఫోను పైకెత్తి చిత్రములు దీయుదురు. అది నాకు నచ్చదు. మా సంఘమున వలయమింకను నిలిచియున్నది. నేను వ్రాసియుంచిన యిరువదినాలుగు కోపులలో పదునొకటి నేర్చిన యువతి యొకతె యాదివారపు పాఠశాలలో చిన్నపిల్లలకు వానిని జెప్పుచున్నది. తక్కినవి ఈ కోతపండుగలోపల నేర్పుదునని యామెకు మాట యిచ్చియున్నాను.