1958 అంబాసిడర్‌లో ఉన్నది ఏ ఇంజను?

మా బ్యాచ్ మిత్రుడి నాన్నగారి 1958 అంబాసిడర్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. వార్షికోత్సవ అతిథులు అందులోనే వచ్చేవారు. అసలు ఇంజనే ఉందని వాళ్లింట్లో నమ్మకం. మొన్న బానెట్ ఎత్తి చూశాను.

తొలి అంబాసిడర్లకు 1476 సి.సి. సైడ్ వాల్వ్ ఇంజను ఉండేది. వాల్వులు సిలిండర్ల పక్కన ఉంటాయి కాబట్టి హెడ్డు బల్లపరుపుగా ఉంటుంది, ప్లగ్గులు దానిమీద నిటారుగా నిలబడతాయి. 1959లో వచ్చిన ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను 1489 సి.సి. తేడా 13 సి.సి.లే అయినా పోలిక వేరు: పైన రేకు రాకర్ కవరు, ప్లగ్గులు పక్కకి.

ఈ బండిలో రాకర్ కవరుంది! బ్లాకు నంబరు సీబుక్‌తో కలవలేదు. పాతది వెతికి బిగించమన్నారు కొందరు. నాకది నచ్చలేదు, ఇన్నేళ్లూ బండిని లాగింది ఇదే. ముందు సీబుక్‌లో మార్పు ఎక్కించమన్నాను.